మూత్రాశయ క్యాన్సర్‌కు ‘ఎం6ఏ’ టెస్టు చేయించాలా?

ప్రొద్దుటూరు నుంచి అడిగారు. మీ నాయనకు మూత్రాశయంలో గడ్డ గీకి తీశారు. బంధువులెవరో ఒక ల్యాబు వాళ్ల వీడియో పంపారు. ‘మెటిల్3’, ‘ఎఫ్‌టీఓ’ అనే ఎంజైములు తేడా చేస్తే జబ్బు ముదురుతుందని, వాటిని చూసే ‘ఎం6ఏ’ అనే ఆర్ఎన్ఏ టెస్టు చేస్తామని అందులో చెప్పారు. చేయించాలా, వాటికి మందుందా, రేపు నాకూ వస్తుందా? ఇవీ మీ మూడు ప్రశ్నలు.

టెస్టు వద్దండి. ఆ డబ్బు చెకప్‌లకు దాచుకోండి, చాలా కావాలి. నేను డాక్టర్ని కాదు. బయోకెమిస్ట్రీ చదివి కర్నూల్లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో పనిచేస్తున్నాను. మా చిన్నాయనకు ఇదే జబ్బు, ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లేది నేనే. ఇట్లాంటి వీడియో మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది.

చిక్కేమిటంటే ఆ వీడియో చెప్పేది పచ్చి అబద్ధం కాదు. డీఎన్ఏలోని సమాచారం ఆర్ఎన్ఏగా నకలవుతుంది, దాన్ని చదివి కణం ప్రొటీన్ చేసుకుంటుంది. ఆ ఆర్ఎన్ఏలో ‘ఏ’ అనే రసాయన అక్షరం మీద అక్కడక్కడా చిన్న మిథైల్ ముక్క అతుక్కుని ఉంటుంది. దాని పేరే ఎం6ఏ. 1974లోనే గుర్తించినా చాలా ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2007లో ఊబకాయంతో ముడిపడిన జన్యువుగా పేరు తెచ్చుకున్న ఎఫ్‌టీఓ, నిజానికి ఈ ముక్కను ఊడదీసే ఎంజైమని 2011లో షికాగో విశ్వవిద్యాలయంలో చువాన్ హె బృందం చూపించింది. అప్పుడు మొదలైంది హడావిడి.

మన మార్కెట్ యార్డులో ఉల్లి బస్తా మీద రంగుతో గుర్తు వేశారనుకోండి. లోపల సరుకు మారదు. గుర్తు చూసి హమాలీ ఒక బస్తాను లారీకి ఎక్కిస్తాడు, ఇంకోదాన్ని పక్కన పడేస్తాడు. ఇక్కడ గుర్తు వేసేది మెటిల్3. జతగా మెటిల్14 ఉండి ఆర్ఎన్ఏను పట్టుకుంటుంది. తుడిచేవి ఎఫ్‌టీఓ, ఆల్క్‌బీహెచ్5. చూసి పని చేసేవి వేరే ప్రొటీన్లు. వాటిలో వైటీహెచ్‌డీఎఫ్2 గుర్తున్న ఆర్ఎన్ఏను ముక్కలయ్యే దారి పట్టిస్తే, ఐజీఎఫ్2బీపీ రకానివి అదే గుర్తున్న ఆర్ఎన్ఏను పాడవకుండా కాపాడతాయి. అంటే గుర్తులు పెరిగాయని తెలిసినంత మాత్రాన మంచో చెడో చెప్పలేం.

మూత్రాశయ గడ్డల్లో మెటిల్3 ఎక్కువగా ఉంటుందని చాలా పరిశోధనల్లో కనబడింది. అది కొన్ని చిన్న ఆర్ఎన్ఏలను (221, 222 నంబర్లవి) త్వరగా తయారయ్యేలా చేస్తుంది. అవి పీటెన్ అనే ప్రొటీన్‌ను తగ్గిస్తాయి. కణం అతిగా పెరగకుండా ఆపేది పీటెన్, కాబట్టి అది తగ్గితే గడ్డకు పండగే. ఇది 2019 నాటి మాట. అదే ఏడాది ఎన్‌సన్2 అనే ఇంకో ఎంజైము సంగతి కూడా బయటపడింది. అది ‘సీ’ అక్షరం మీద గుర్తు వేస్తుంది, దానివల్ల కణాలను పెంచే ఒక ఆర్ఎన్ఏ ఎక్కువ సేపు నిలుస్తోందని తేలింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లోనూ మెటిల్3 ఎక్కువే.

కిడ్నీకి వస్తే కథ తిరగబడుతుంది. క్లియర్ సెల్ రకం కిడ్నీ క్యాన్సర్‌లో ఎఫ్‌టీఓ తగ్గిపోయిందని, దాన్ని పెంచితే గడ్డ పెరుగుదల తగ్గిందని 2019లో ఒక బృందం చెప్పింది. ఆ గడ్డల్లో చాలావాటిలో వీహెచ్ఎల్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది. అలా చెడిపోయిన కణాలు ఎఫ్‌టీఓ లేకపోతే బతకలేవని మరుసటి ఏడాది ఇంకో బృందం చూపించింది. ఒకరు పెంచమంటారు, ఒకరు ఆపమంటారు. ఇద్దరూ పద్ధతిగా పని చేసినవాళ్లే. ఈ దశలో ఉన్న విషయానికి ప్యాకేజీ రేటు కట్టి అమ్మడం నాకు నచ్చలేదు.

మందు సంగతి. మెటిల్3ని అడ్డుకునే ఎస్‌టీఎం2457 అనే పదార్థం ఎలుకల్లో ఒక రకం రక్త క్యాన్సర్‌ను తగ్గించిందని 2021లో ‘నేచర్’ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. దాని తోబుట్టువు లాంటి ఎస్‌టీసీ-15ను 2022 నుంచి మనుషుల్లో పరీక్షిస్తున్నారు. మెడికల్ షాపులో దొరికే సరుకు కాదు. అందుకే ఏ టెస్టు గురించైనా డాక్టర్ని ఒక్కటే అడగండి: ‘రిపోర్టు అటొచ్చినా ఇటొచ్చినా మీరిచ్చే వైద్యం మారుతుందా సార్?’ మా యూరాలజిస్టును ఈ ఎం6ఏ గురించి అడిగితే మారదనేశారు. అదే, జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఎఫ్‌జీఎఫ్ఆర్3 అనే జన్యువు టెస్టు రాస్తే అర్థముంది, ఎందుకంటే దానికి తగ్గ మందు ఎర్డాఫిటినిబ్ ఉంది.

ఇప్పుడు మీరు అడగనిది. గడ్డ తీశాక వచ్చిన బయాప్సీ రిపోర్టు తీసి చూడండి. ముక్కలో కండరం ఉందా, ఉంటే అందులోకి జబ్బు దిగిందా, గ్రేడ్ (కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయనేది) ఎక్కువా తక్కువా, ఈ మూడూ రాసి ఉండాలి. అసలు కండరమే రాలేదని ఉంటే ఎంత లోతుకు దిగిందో తేలనట్టే. అట్లాంటప్పుడు కొన్ని వారాల్లో మళ్లీ గీకాల్సి రావచ్చు. వైద్యమంతా ఆ మూడు విషయాల మీదే నడుస్తుంది. చాలామంది ఆ కాగితం ఫైల్లో పెట్టి మరిచిపోతారు.

మా చిన్నాయనకు పైపొరలోనే ఉంది, కానీ గ్రేడ్ ఎక్కువ. అందుకని బీసీజీ పెట్టారు. ‘చంటిపిల్లలకు వేసే టీకా నాకెందుకురా’ అని ఒకటే గోల. ఆ బీసీజీనే, సూదితో కాకుండా సన్న గొట్టంతో మూత్రాశయంలోకి వదులుతారు, వారానికొకసారి ఆరు వారాలు. రెండు గంటలు ఆపుకోవాలి. ఆయన మంచం మీద అటు గంట ఇటు గంట దొర్లుతూ, గడియారం చూస్తూ, నన్ను తిడుతూ గడిపేవాడు. ఇంటికొచ్చాక ఆరు గంటల పాటు కూర్చునే మూత్రం పోయాలి, మూత్రం పోసిన ప్రతిసారీ టాయిలెట్లో బ్లీచింగ్ ద్రావణం పోసి పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి, ఆ మూత్రంలో బతికున్న సూక్ష్మజీవులుంటాయి కాబట్టి. మా పిన్ని బాత్రూం తలుపు మీద సుద్దతో టైము రాసేది. ఒకట్రెండు రోజులు మంట, కొద్దిగా జ్వరం మామూలే. జ్వరం గట్టిగా ఉండి తగ్గకపోతే మాత్రం ఫోన్ చేయాలి. మీ నాయనకు బీసీజీ రాస్తే మందు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి, అప్పుడప్పుడు కొరత వస్తుంది.

ఆ తర్వాత మూడు నెలలకు మూత్రాశయం లోపల కెమెరా పరీక్ష. ఈ జబ్బు తిరిగి తిరిగి వస్తుంది, అందుకే చెకప్ ఎగ్గొట్టకూడదు. అసలు టెన్షన్ ఇక్కడే. మూత్రంలో రక్తం ఆగిపోతే మనవాళ్లు ‘బాగైంది కదా’ అని మానేస్తారు. ఏయే ఖర్చు కవరవుతుందో ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కౌంటర్లో ముందే అడిగి పెట్టుకోండి.

మీకూ వస్తుందా అంటే, ఈ క్యాన్సర్ చాలావరకు వంశపారంపర్యం కాదు. పొగాకుదే పెద్ద పాపం. పొగలోని విషాలను రక్తంలోంచి కిడ్నీ వడపోసి మూత్రంలోకి పంపుతుంది, అది మూత్రాశయంలో గంటల తరబడి నిలుస్తుంది. కొన్ని రకాల రంగుల రసాయనాలతో పనిచేసేవాళ్లకూ ముప్పుంది, కాబట్టి నాయన ఎప్పుడైనా అద్దకం పని చేసి ఉంటే డాక్టరుకు చెప్పండి. మా చిన్నాయన బీడీ మానేశాడు, ఇప్పుడు వక్కపొడి అంటున్నాడు, దాని మీద వేరే యుద్ధం నడుస్తోంది. మీరు కాలుస్తారో లేదో రాయలేదు. కాలుస్తుంటే మానండి, ఎప్పుడైనా మూత్రం ఎర్రగా వస్తే నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా యూరాలజిస్టుకు చూపించండి.