మలేరియా తగ్గినా రక్తం పట్టడం లేదా? టానిక్ కన్నా ముందు చూడాల్సినవి ఉన్నాయి

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. రోడ్డు పనుల మీద పాడేరు వైపు వెళ్లి నెల రోజులు ఉండి వచ్చాడు. చలిజ్వరం వస్తే పరీక్ష చేసి వైవాక్స్ మలేరియా అన్నారు. 3 రోజులకు క్లోరోక్విన్, 14 రోజులకు ప్రైమాక్విన్ ఇచ్చారు. జ్వరం తగ్గింది కానీ, వేడి చేస్తోందని ప్రైమాక్విన్ ఆరో రోజునే ఆపేశాడు. ఇది జరిగి మూడు వారాలైంది. ఇప్పటికీ నీరసంగానే ఉన్నాడు. 13 ఉండే హిమోగ్లోబిన్ 8.6కి వచ్చింది. మెడికల్ షాపులో అడిగి ఐరన్ టానిక్ తెచ్చాం, బీట్‌రూట్ జ్యూస్ ఇస్తున్నాం. మలేరియా వస్తే రక్తం ఎందుకు తగ్గుతుంది? ఏ టానిక్ మంచిది?
- ఒక సోదరి, అనకాపల్లి

సమాధానం: టానిక్ సంగతి తర్వాత చూద్దామమ్మా. నాకు టెన్షన్ పెట్టింది ప్రైమాక్విన్ మధ్యలో ఆపేశాడన్న విషయం. వేడి చేయడమంటే అతనికి ఏమైందో మీరు రాయలేదు. కడుపులో మంట, వికారం లాంటివైతే భోజనం చేశాక వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది. అలా కాకుండా ఆ రోజుల్లో మూత్రం డికాక్షన్ రంగులో వచ్చిందా? కళ్లు పచ్చబడ్డాయా? ఈరోజే అడగండి. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారిలో ఈ మందు వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అలాంటప్పుడు మందు ఆపాల్సిందే. కానీ ఆపి ఇంట్లో ఊరుకుంటే ఎలా? వెంటనే డాక్టరుకు చెప్పాలి కదా.

మిగిలిన మాత్రలున్నాయి కదా అని మళ్లీ మొదలుపెట్టకండి. ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వకండి, గర్భిణులకు అసలే ఇవ్వకూడదు. ముందు జీ6పీడీ పరీక్ష చేయించండి. కణాలు ఈమధ్యే పగిలి ఉంటే ఆ పరీక్ష నార్మల్‌గా కనిపించే అవకాశమూ ఉంది. అందుకే రిపోర్టు ఒక్కటే చూపించకుండా, జరిగిందంతా డాక్టరుకు చెప్పండి. మళ్లీ ఎలా, ఎన్ని రోజులు వాడాలో ఆయన నిర్ణయిస్తారు.

అసలు ఆ 14 రోజుల కోర్సు దేనికంటే, వైవాక్స్ పరాన్నజీవులు కొన్ని కాలేయంలో నిద్రావస్థలో ఉండిపోతాయి. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. కాలేయంలో దాక్కున్నవి వారాలకో నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. వచ్చిన ప్రతిసారీ రక్తం మళ్లీ తగ్గుతుంది. జ్వరం పోయింది కదా అని మాత్రలు ఆపేసినవాళ్లను ఓపీలో చూస్తూనే ఉన్నాం. కోర్సు పూర్తి చేయండని బతిమాలి చెప్పేది ఇందుకే.

ఇక మీరడిగింది. పురుగు దూరిన కణాలు పగిలిపోయి రక్తం తగ్గుతుందని అనుకుంటారు. అది కొంతవరకే నిజం. వైవాక్స్ ఎక్కువగా ఎముక మజ్జ నుంచి అప్పుడే బయటికొచ్చిన లేత కణాల్లోనే దూరుతుంది. అవి మొత్తం కణాల్లో నూటికి ఒకటో రెండో ఉంటాయంతే. మరి 13 నుంచి 8.6కి ఎలా పడింది? జబ్బు సోకని మంచి కణాలను కూడా ప్లీహం (కడుపులో ఎడమవైపు ఉండే అవయవం, స్ప్లీన్) పెద్ద సంఖ్యలో ఏరి పారేస్తుంది. పైగా తయారీ కూడా మందగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎముక మజ్జ సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు తయారుచేస్తుంది. దెబ్బ తగిలి రక్తం పోతే ఆ వేగం ఇంకా పెంచుతుంది. మలేరియాలో మాత్రం ఒంట్లోని వాపు రసాయనాలు, పరాన్నజీవి హిమోగ్లోబిన్‌ను తిని వదిలే హీమోజోయిన్ అనే నల్లటి పదార్థం కలిసి మజ్జలో కణాలను సరిగ్గా ఎదగనివ్వవు. అందుకే జ్వరం తగ్గాక కూడా కొన్నాళ్లు హిమోగ్లోబిన్ పడవచ్చు. తర్వాత మజ్జ తేరుకుంటుంది. చాలామందిలో నెల, నెలన్నరలో రక్తం కోలుకుంటుంది.

మజ్జ తేరుకుందో లేదో చెప్పేది రెటిక్యులోసైట్ కౌంట్, అంటే రక్తంలో లేత ఎర్రకణాల లెక్క. మూడు వారాలు దాటింది కాబట్టి ఈపాటికి అది పెరిగి ఉండాలి. పెరగకపోతే బీ12, ఫోలేట్ అనే విటమిన్ల లోపాల కోసం చూడాలి. బాగా పెరిగినా హిమోగ్లోబిన్ ఎక్కడంలేదంటే కణాలు ఇంకా ఎక్కడో పగులుతున్నాయేమో చూడాలి. దీంతోపాటు మలేరియా స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) మళ్లీ తీయించండి, బిలిరుబిన్ (కణాలు పగిలితే పెరిగే పచ్చటి పదార్థం) పరీక్ష చేయించండి. పీహెచ్‌సీలో మలేరియా పరీక్ష, మందులు ఉచితమే.

జబ్బు ముదిరి ఉన్నప్పుడు కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది పేగుల నుంచి ఐరన్‌ను రక్తంలోకి రానివ్వదు. ఆ రోజుల్లో ఎంత టానిక్ తాగినా పెద్దగా ఒంటబట్టదు. ఇప్పుడు అవసరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు, పరీక్షలు చూడకుండా నేను చెప్పలేను. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష ఎక్కువగా వచ్చినా ఐరన్ బాగా ఉందని అనుకోవద్దు, ఇన్‌ఫెక్షన్‌లో అది పెరుగుతుంది. బీట్‌రూట్‌కి ఎర్ర రంగు ఉందే కానీ ఐరన్ తక్కువే. తాగితే తాగనివ్వండి. ఆకుకూరలు, పప్పు, గుడ్డు, తింటే మాంసం పెట్టండి.

8.6కి సాధారణంగా రక్తం ఎక్కించాల్సిన పని ఉండదు. కానీ షాపు సలహాతో ఇంకో వారం గడపకండి, రేపే జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి. ఆయాసం, గుండెదడ, మగత, మళ్లీ చలిజ్వరం, మూత్రం రంగు మారడం - వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా కూడా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.