దాళ్వా వరిలో నీరు ఆరగట్టడం గురించి

చిరంజీవి మురళికి పెదనాన్న ఆశీస్సులు.

ఈ దాళ్వాలో, అంటే సార్వా తర్వాత వేసే రెండో వరి పంటలో, దిగుబడి తగ్గకుండా మన చేలనుంచి వెలువడే మీథేన్‌ను తగ్గించాలని ఉందని రాశావు. తగ్గించవచ్చు. నీరు నిలిచిన మట్టిలోకి గాలి చొరదు కనుక, గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడి గడ్డినీ వేళ్ల వ్యర్థాన్నీ కుళ్లబెట్టి మీథేన్‌ను పుట్టిస్తాయి; అందులో ఎక్కువ భాగం వరి కాడల లోపలి గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 27 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. మట్టి ఆరి గాలి తగిలితే ఆ సూక్ష్మజీవుల పని ఆగిపోతుంది. ఆరగట్టడమంటే ఇదే: చేనులో నీటిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ పెట్టడం. కాబట్టి నీవు ముఖ్యంగా అదుపులో పెట్టవలసినవి రెండు: నీరు, గడ్డి.

నీటికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పిన గొట్టం పద్ధతినే అనుసరించు. అడుగు పొడవున్న వెడల్పాటి పీవీసీ గొట్టం ముక్క తీసుకుని, కింది ఎనిమిది అంగుళాల మేర చుట్టూ చిల్లులు పొడిచి, ఆ భాగమంతా నేలలోకి దిగేలా పాతి, లోపలి మట్టిని తీసివేస్తే అడుగున నీరు ఎంత లోతులో ఉందో కంటికి కనిపిస్తుంది. గొట్టాన్ని పల్లంలో పాతవద్దు. మెరక ఎండిపోతున్నా అది నీరున్నట్టే చూపిస్తుంది. నీరు నేలమట్టం నుంచి 15 సెంటీమీటర్లు దిగేదాకా ఆగి, అప్పుడు రెండు అంగుళాల నీరు పెట్టు. అంతవరకు వేళ్లకు తేమ అందుతూనే ఉంటుంది కనుక పైరు బెట్టకు (నీటి ఎద్దడికి) రాదు. మన బరువు నేలల్లో సన్నని నెర్రెలు చూసి కంగారు పడకు కానీ, వేలు దూరేంత నెర్రెలు పడనివ్వకు. ఆ తర్వాత పెట్టే నీరంతా అడుగుకే పోతుంది.

ఎప్పుడు ఆరగట్టకూడదో తెలియడం అంతకంటే ముఖ్యం. ఊడ్చిన మొదటి రెండు వారాలు పలుచగా నీరు ఉంచకపోతే ఊద, తుంగ లేచి కలుపు కూలీ తడిసి మోపెడవుతుంది. పూతకు వారం ముందు నుంచి పూత ముగిసిన వారం వరకు చేనులో నీరు తప్పనిసరిగా ఉండాలి. ఆ రోజుల్లో బెట్ట తగిలితే తాలు పెరుగుతుంది, తర్వాత ఎంత నీరు పెట్టినా ఆ నష్టం పూడదు. సముద్రం దగ్గరి ఉప్పు నేలల్లో ఈ పద్ధతి జోలికే పోవద్దు.

కాలువ కింద మరో చిక్కుంది. బోదె (పిల్లకాలువ) నీరు వంతు ప్రకారం వస్తుంది, పైగా ఒక చేను మీదుగా ఇంకో చేనుకు పారుతుంది. పై రైతుతోనూ కింది రైతుతోనూ ముందుగా మాట్లాడుకో. వంతు వచ్చిన నాటికి గొట్టంలో నీరు తగినంత దిగకపోయినా, తర్వాతి వంతు నమ్మకం కాకపోతే పెట్టేసుకో. పైరును పణంగా పెట్టవద్దు. వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘం 2019లో సవరించిన లెక్కల ప్రకారం, పంటకాలంలో ఒక్కసారి ఆరగట్టినా మీథేన్ దాదాపు 30 శాతం, పలుమార్లు ఆరగడితే 45 శాతం వరకు తగ్గుతుంది.

నేల తడిసి ఆరుతున్నప్పుడు మట్టిలో నత్రజని మిగిలి ఉంటే నైట్రస్ ఆక్సైడ్ పుడుతుంది, అది మీథేన్ కంటే ఎన్నో రెట్లు చేటు. అందుచేత యూరియాను ఒకేసారి గుమ్మరించక, ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే ఆకురంగుల పట్టిక చూసి దఫదఫాలుగా, ఆరిన నేలపై చల్లి వెంటనే నీరు పెట్టు. నీటితో పాటు అది వేళ్ల దగ్గరికి దిగుతుంది. ఆకు మరీ నల్లబడేలా యూరియా వేస్తే పైరు రసం పీల్చే సుడిదోమను పిలిచి కూర్చోబెట్టినట్టే.

సార్వా (వానకాలపు పంట) గడ్డిని పచ్చిగా దమ్ములో, అంటే ఊడ్పు ముందు నీరు పెట్టి బురద దున్నేటప్పుడు, తొక్కించడం అన్నిటికంటే చెడ్డ పని. తగలబెట్టడమూ మంచిది కాదు. నీరు పెట్టడానికి నెల ముందే కలియదున్నితే మీథేన్ బాగా తగ్గుతుంది కానీ, సార్వా కోతకూ దాళ్వా ఊడ్పుకూ మధ్య మనకు అంత గడువు ఉండదు. ఆ గడ్డిని పశువులకో కంపోస్టు గుంటకో తరలించి, దాళ్వా గడ్డిని మాత్రం వేసవి దుక్కిలో కలుపు.

కార్బన్ క్రెడిట్లంటూ, అంటే తగ్గించిన మీథేన్‌కు లెక్కగట్టి డబ్బిస్తామంటూ, ఎవరైనా కాగితాలతో వస్తే, డబ్బు ఎప్పుడు ఇస్తారో, నీటి లెక్క ఎవరు రాస్తారో ఒప్పందంలో చూడకుండా సంతకం పెట్టవద్దు. ఈ ఏడాది ఒక్క ఎకరంలోనే చేసి, పక్క ఎకరాన్ని మామూలుగా నడుపు. కోత నాడు రెండింటి ధాన్యాన్ని కలపకుండా వేర్వేరుగా కాటా వేయించి నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న