గ్రాంటు డబ్బుతో నడిచే కంపెనీలో తొలి ఉద్యోగం: చేరాలా, వద్దా?

ప్రశ్న: మాది మదనపల్లె. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది ఎం.ఎస్సీ. బయోటెక్నాలజీ పూర్తి చేసింది. రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి బొమ్మసంద్రలో పెద్ద కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలో, అంటే ఇతర కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే చోట. రెండోది బళ్లారి రోడ్డు వైపు ఒక ఇంక్యుబేటర్‌లో (కొత్త కంపెనీలకు స్థలం, యంత్రాలు సమకూర్చే కేంద్రంలో) ఉన్న అయిదుగురి కంపెనీలో. ఆవులకు వచ్చే పొదుగువాపును ముందుగానే పట్టిచ్చే కిట్ తయారు చేస్తున్నారట. అక్కడ జీతం నెలకు ఎనిమిది వేలు తక్కువ. వాళ్లకు ఇంకా అమ్మకాలు లేవు. బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ 18 నెలలకు ఇచ్చిన 50 లక్షల గ్రాంటుతోనే నడుస్తున్నారు, అందులో ఆరు నెలలు గడిచిపోయాయి. అమ్మాయి అక్కడికే వెళ్తానంటోంది. ప్రభుత్వం ఊరికే ఇచ్చిన డబ్బును నమ్ముకున్న కంపెనీకి పిల్లను ఎలా పంపాలి? ఆ డబ్బు అయిపోతే ఆమె గతి ఏమిటి?

జవాబు: ముందు నా అభిప్రాయం చెబుతాను. మీ అమ్మాయి రెండో ఉద్యోగంలో చేరవచ్చు. అయితే చేరే ముందు ఆ కంపెనీ దగ్గరున్న ఒక కాగితాన్ని ఆమె చూడాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి, ఏ షరతుల మీద వస్తుందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. మిగతా సగం న్యాయమైన భయమే, దానికి తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా రాస్తాను.

బైరాక్ అంటే బయోటెక్నాలజీ ఇండస్ట్రీ రీసెర్చ్ అసిస్టెన్స్ కౌన్సిల్. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2012 మార్చిలో ఏర్పాటు చేసిన, లాభాపేక్ష లేని ప్రభుత్వ రంగ సంస్థ ఇది. చిన్న బయోటెక్ కంపెనీల పరిశోధనకు డబ్బివ్వడానికి అదే విభాగం అంతకు ముందే, 2005లో స్మాల్ బిజినెస్ ఇన్నోవేషన్ రీసెర్చ్ ఇనిషియేటివ్ (ఎస్‌బిఐఆర్‌ఐ) అనే పథకం ప్రారంభించింది. అమెరికా ఇలాంటి పనికి 1982లోనే చట్టం చేసుకుంది. మీరు చెప్పిన 50 లక్షలు, 18 నెలల లెక్కను బట్టి మీ అమ్మాయి కంపెనీకి వచ్చింది బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంటు అయి ఉండాలి. ఈ రంగంలో అందరూ దాన్ని క్లుప్తంగా ‘బిగ్’ అంటారు.

ప్రభుత్వం ఊరికే ఇచ్చిన డబ్బు అన్నారు మీరు. అసలు ఎందుకు ఇస్తుందో ముందు చూద్దాం. కిట్ పనిచేస్తుందని రుజువైతే పెట్టుబడి పెట్టేవాళ్లు వస్తారు. రుజువు చేయడానికే డబ్బు కావాలి. తాకట్టు పెట్టడానికి ఏమీ లేదు కనుక బ్యాంకు ఇవ్వదు. పరిశోధన ఫలిస్తుందో లేదో తెలియని ఆ దశలో ప్రైవేటు డబ్బు అడుగు పెట్టదు. 2020-21లో మన దేశం పరిశోధన, అభివృద్ధి మీద ఖర్చు చేసింది జీడీపీలో 0.64 శాతమే, అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా 36 శాతం చిల్లర. కంపెనీలు తమంతట తాము ముందుకు రాని చోట మొదటి నష్టభయాన్ని ప్రభుత్వం తన నెత్తిన వేసుకుంటోంది. నా దృష్టిలో ప్రజాధనానికి ఇంతకంటే మంచి వినియోగాలు తక్కువ.

పైగా అది ఊరికే వచ్చే డబ్బు కాదు. ఏటా జనవరిలో, జూలైలో దరఖాస్తులు పిలుస్తారు. బైరాక్ తరఫున వాటిని చూసే భాగస్వామి సంస్థలు దేశంలో కొన్ని ఉన్నాయి. బెంగళూరులో ఆ పని చేసేది వ్యవసాయ విశ్వవిద్యాలయపు జి.కె.వి.కె. ప్రాంగణంలోని సీ-క్యాంప్ అనే సంస్థ. నిపుణుల సంఘం ముందు ఆలోచనను నిలబెట్టుకోవాలి. దరఖాస్తుల్లో కొన్ని మాత్రమే నిలుస్తాయి. నిలిచాక కూడా 50 లక్షలు ఒకేసారి చేతికి రావు. ఇల్లు కట్టే మేస్త్రీకి పునాది లేచాక ఒక విడత, శ్లాబు పడ్డాక ఒక విడత ఇచ్చినట్టే ఇక్కడా పని జరిగిన మేరకు విడతలు విడుదల అవుతాయి. డబ్బు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోనే ఉండాలి. జీతాలకు, రసాయనాలకు, పరికరాలకు, ప్రయాణాలకు ఎంతెంత అన్నది ముందే రాసుకోవాలి. ఖర్చుల లెక్కలు, వినియోగ ధ్రువపత్రం సమర్పిస్తేనే తర్వాతి విడత. ఇంత చూసి ఇచ్చే డబ్బు అందుకున్న కంపెనీ దారిన పోయే కంపెనీ కాదు.

నేను చెప్పిన కాగితం ఇప్పుడు చూద్దాం. గ్రాంటు ఒప్పందానికి జతచేసి ఒక పట్టిక ఉంటుంది. ఏ నెలకల్లా ఏ పని పూర్తి కావాలి, పూర్తయిందని ఎలా తెలుస్తుంది అన్నది అందులో ఉంటుంది. వాళ్లు దాన్ని మైల్‌స్టోన్ల పట్టిక అంటారు. కంపెనీ రహస్యాలు ఉంటాయి కనుక ప్రతి చేతికి ఇవ్వకపోవచ్చు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూపించడానికి మాత్రం నిజాయితీ గల వ్యవస్థాపకుడు వెనకాడడు. తల్లిదండ్రులు జీతం ఎంత, పని వేళలు ఏమిటి అని అడుగుతారు గానీ ఈ పట్టిక గురించి అడగరు. అడగవలసింది ఇదే.

అందులో ఏమి చూడాలో మీ అమ్మాయి కంపెనీ పనినే తీసుకుని చెబుతాను. మదనపల్లె వైపు పాడి గురించి మీకు తెలియనిది కాదు. పొదుగు వాచి, పాలు విరిగి వస్తే రైతుకు ఏ కిట్టూ అక్కర్లేదు. ఎక్కువ నష్టం బయటికి కనిపించని పొదుగువాపుతోనే. ఆవు మామూలుగానే ఉంటుంది, పాలు మాత్రం తగ్గుతాయి. పాలలో తెల్లకణాలు పెరుగుతాయి. మిల్లీలీటరుకు 2 లక్షలు దాటితే అనుమానించాలని సాధారణ లెక్క. దీన్ని పట్టుకోవడానికి కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష దశాబ్దాలుగా వాడుకలో ఉంది. నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పలకలో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పిండి, పరీక్ష ద్రావణం కలిపి తిప్పుతారు. జబ్బుంటే పాలు జిగురులా చిక్కబడతాయి. దానికి అయ్యే ఖర్చు స్వల్పం, ఫలితం పశువుల పాకలోనే తెలుస్తుంది.

అందుకే మీ అమ్మాయి ఆ వ్యవస్థాపకులను మొట్టమొదట అడగవలసింది ఇది: ఆ చౌక పరీక్ష చెప్పలేనిది మీ కిట్ ఏమి చెబుతుంది? ఏ క్రిమి వల్ల జబ్బు వచ్చిందో చెబుతుందా, ఏ మందు పనిచేస్తుందో చెబుతుందా, ఇంకా ముందే చెబుతుందా? సూటిగా జవాబు వస్తే ఆ కంపెనీకి దారి తెలుసు. తర్వాత మైల్‌స్టోన్లు చూడాలి. ఆరు నెలల్లో కిట్‌లోని పరీక్ష పట్టీ ల్యాబులో పనిచేయాలి అని రాసుకుని ఉంటే, అది అయిందా? శుద్ధమైన ద్రావణంలో చక్కగా పనిచేసే పట్టీ పాలు పడేసరికి మొండికేయడం మామూలే, వెన్న అడ్డుపడుతుంది. ఆ చిక్కు దాటారా, అందులోనే ఉన్నారా? మిగిలిన పన్నెండు నెలల్లో కోలారు, చింతామణి వైపు పాడి రైతుల దగ్గర నిజమైన నమూనాలు పరీక్షించే పని పట్టికలో ఉందా? అది ఉంటే మీ అమ్మాయికి దొరికేది గొప్ప చదువు. ల్యాబులో పట్టీ చేసిన మనిషే పాకలో దాన్ని వాడి, తప్పు చూసి, తిరిగి వచ్చి సరిదిద్దడం పెద్ద కంపెనీల్లో కొత్తగా చేరినవారికి చాలా ఏళ్ల వరకు దొరకదు.

ఇక డబ్బు లెక్క. దుకాణం నడిపే మీకు ఇది నాకన్నా బాగా తెలుస్తుంది. నెలకు 35,000 చొప్పున ముగ్గురికి జీతమిస్తే 18 నెలలకు 18 లక్షల 90 వేలు అవుతుంది. పట్టీ తయారీకి కావలసిన యాంటీబాడీలు (వెతికే పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్లు), పొరలు చాలావరకు దిగుమతి సరుకే. ఇంక్యుబేటర్‌లో ఖరీదైన యంత్రాలు ఉమ్మడిగా దొరుకుతాయి గానీ స్థలానికి, వాడకానికి రుసుము కట్టాలి. 50 లక్షలు ఎంత త్వరగా కరిగిపోతాయో చూడండి. పరిశోధనకిచ్చే ఈ డబ్బును ప్రకటనలకు, అమ్మకాలకు వాడకూడదు. ఒక విడతకు, మరో విడతకు మధ్య ఆలస్యమైతే చిన్న కంపెనీల్లో మొదట కదిలిపోయేది జీతాలే. కాబట్టి రెండో ప్రశ్న: విడత ఆలస్యమైతే జీతాలు ఎక్కడి నుంచి ఇస్తారు? వ్యవస్థాపకుల సొంత డబ్బో, మరో చిన్న నిధో ఉందని చెబితే మంచిది. ‘ఆలస్యం కాదు’ అని మాత్రమే చెబితే ఆ జవాబును లెక్కలోకి తీసుకోవద్దు.

గ్రాంటు ముగిశాక ఏమిటన్నది మూడో ప్రశ్న. ఇక్కడ మీకు కొంత ధైర్యం చెప్పగలను. మొదటి రుజువు చేతికి వచ్చిన కంపెనీకి పై మెట్లు ఉన్నాయి. బైరాక్ సీడ్ ఫండ్ కింద ఇంక్యుబేటర్ ద్వారా 30 లక్షల వరకు, ఆ తర్వాత లీప్ ఫండ్ కింద కోటి వరకు పొందవచ్చు. ఇవి కంపెనీలో వాటా తీసుకుని పెట్టే పెట్టుబడులు. 2021లో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ఉంది. కొత్త కంపెనీలకు గ్రాంటిచ్చే కర్ణాటక ప్రభుత్వపు ఎలివేట్ పథకం ఉంది. సరుకు మార్కెట్‌కు తెచ్చే దశలో టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు వస్తుంది. 1995 నాటి చట్టంతో 1996లో ఏర్పడిన ఈ బోర్డు ప్రాజెక్టు ఖర్చులో సగం వరకు తక్కువ వడ్డీకి రుణమిస్తుంది. విదేశీ సాంకేతికత కొన్న కంపెనీల నుంచి అప్పట్లో వసూలు చేసిన సెస్సే దీనికి మూలధనం. ఆ సెస్సు 2017లో రద్దయింది. మన తెలుగువారికి తెలిసిన ఉదాహరణే ఉంది. వరప్రసాద్‌రెడ్డి గారు హైదరాబాద్‌లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా హెపటైటిస్-బి టీకా తెచ్చింది. దాని వెనక ఈ బోర్డు రుణం ఉంది. అన్నిటికన్నా పెద్దది కొత్తగా వచ్చింది. లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 జూలై 1న ఆమోదించింది. పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కింద నడిచే ఆ నిధి ల్యాబులో రుజువైన దశ దాటిన పనులకు దీర్ఘకాలిక రుణాలుగా, పెట్టుబడిగా వెళ్తుంది. మీ అమ్మాయి కంపెనీ ఇంకా అంత పెద్ద డబ్బుకు తగిన దశలో లేదు. అయినా ఈ రంగంలోకి రాబోయే పదేళ్లలో డబ్బు రావడం ఖాయమని నా నమ్మకం, పనిచేతనైన వాళ్ల కొరతే అప్పుడు కనిపిస్తుంది.

ఇన్ని మెట్లున్నా అందరూ ఎక్కలేరు. కిట్ పాలలో పనిచేయకపోతే కంపెనీ మూతపడవచ్చు, ఆ మాట మీకు దాచను. అలా జరిగినా మీ అమ్మాయి చేతిలో మిగిలేదేమిటో ముందే చూసుకోవాలి. తేదీ, సంతకంతో రోజువారీ రాసిన ల్యాబ్ నోట్‌బుక్, తను రాసిన ప్రయోగ విధానాలు, బైరాక్‌కు పంపిన నివేదికల్లో తన వంతు పని. వీటి గురించి వివరంగా మాట్లాడగలిగిన అభ్యర్థిని రోగనిర్ధారణ కిట్ల కంపెనీలు వదులుకోవు. గ్రాంటు ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూసిన వాళ్లకు ఇంక్యుబేటర్లలోనూ ఉద్యోగాలుంటాయి. పేటెంట్ల మీద ఆసక్తి కలిగితే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయడానికి సైన్స్ డిగ్రీ చాలు, లా చదవనక్కర్లేదు.

బొమ్మసంద్ర ఉద్యోగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రాసింది రాసినట్టు చేయడం, ప్రతి అంకెకూ సాక్ష్యం ఉంచడం అక్కడ బాగా అలవడుతుంది. ఇంట్లో అప్పుల భారం ఉండి ఆ ఎనిమిది వేలు అవసరమైతే అక్కడికే వెళ్లమనండి, అందులో చిన్నతనం లేదు. మీ ఉత్తరంలో అలాంటి ఇబ్బంది ఏదీ చెప్పలేదు కనుకనే నేను రెండోదాని వైపు మొగ్గుతున్నాను.

జాగ్రత్తల విషయానికి వస్తే, నియామక పత్రం కంపెనీ పేరుతో, హోదాతో, జీతంతో రాతపూర్వకంగా ఉండాలి. జీతం బ్యాంకు ద్వారానే రావాలి. రేపు అనుభవం చూపించాలంటే ఈ రెండే ఆధారం. 20 మంది ఉద్యోగులు లేని సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, కాబట్టి అది ఉండకపోవచ్చు. ఆరోగ్య బీమా కూడా ఉండకపోవచ్చు, మీ కుటుంబ పాలసీలో ఆమె పేరు కొనసాగించండి. సర్టిఫికెట్ల అసలు ప్రతులు అడిగితే ఇవ్వవద్దు. ఆమె ఆలోచన పేటెంటులోకి వెళ్తే ఉద్యోగ ఒప్పందం ప్రకారం హక్కు సాధారణంగా కంపెనీదే అవుతుంది, ఆవిష్కర్తల పేర్లలో మాత్రం ఆమె పేరు ఉండాలని చేరే రోజే మాట తీసుకోవాలి.

ఈ వారంలోనే ఆమెను ఒకరోజు ఆ ల్యాబుకు వెళ్లి కూర్చోమనండి. మీరు వెంట వెళ్లినా గేటు దగ్గరే ఉండండి, మాటలు ఆమెనే మాట్లాడనివ్వండి. కిట్ ఏమి కొత్తగా చెబుతుంది, విడత ఆలస్యమైతే జీతం ఎలా, 18 నెలల తర్వాత ఏ నిధికి దరఖాస్తు చేస్తారు అన్న మూడు ప్రశ్నలు అడిగి, మైల్‌స్టోన్ల పట్టిక చూపించమనాలి. మూడింటిలో రెండింటికి తేటగా జవాబు చెప్పి పట్టిక ముందు పెడితే చేరమనండి. పట్టిక చూపించడానికి ఇష్టపడకపోతే బొమ్మసంద్ర వాళ్లకు ఆ సాయంత్రమే సరేనని కబురు పంపండి.