కోర్టు వదిలేసినా శ్రీశాంత్‌పై నిషేధం ఎందుకు తొలగలేదు?

క్రిమినల్ కేసు వేరు, క్రికెట్ బోర్డు (బీసీసీఐ) విచారణ వేరు. కోర్టులో నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. క్రీడా సంస్థకు అంత అవసరం లేదు, తప్పు జరిగిందనడానికే మొగ్గు ఎక్కువుంటే చాలు. ఆఫీసులో సస్పెండైన ఉద్యోగి పోలీసు కేసులో బయటపడ్డా శాఖాపరమైన విచారణ ఆగనట్టే ఇదీ.

2013 ఐపీఎల్‌లో మొహాలీ మ్యాచ్‌లో ఒక ఓవర్‌లో 14 లేదా అంతకు మించి పరుగులు ఇస్తానని బుకీలతో (పందేలు నడిపేవాళ్లతో) ఒప్పుకున్నాడని, గుర్తుగా నడుముకి టవల్ దోపుకున్నాడని భారత మాజీ ఫాస్ట్ బౌలర్ శ్రీశాంత్‌పై ఆరోపణ. తీరా ఆ ఓవర్‌లో ఇచ్చింది 13 పరుగులే! అదే ఏడాది బీసీసీఐ జీవితకాల నిషేధం వేసింది. 2015లో ఢిల్లీ కోర్టు కేసు నుంచి విముక్తి ఇచ్చింది. అయినా నిషేధం అలాగే ఉండిపోయింది.

2019 మార్చిలో సుప్రీంకోర్టు అతను తప్పు చేశాడన్న బోర్డు నిర్ణయాన్ని తప్పుపట్టలేదు, జీవితకాల శిక్షను మాత్రం పక్కనపెట్టి, ఎంత శిక్ష వేయాలో మళ్లీ ఆలోచించమంది. బీసీసీఐ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దాన్ని ఏడేళ్లకు కుదించారు. అది 2020 సెప్టెంబరులో ముగిసింది.

నా దృష్టిలో అన్యాయం నిషేధంలో లేదు, ఆలస్యంలో ఉంది. ఫాస్ట్ బౌలర్‌కి 30 నుంచి 37 ఏళ్ల దాకా పోతే ఇక మిగిలేదేముంది? మన అజారుద్దీన్‌ది ఇంకా దారుణం: మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై 2000లో పడ్డ నిషేధాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది 2012లో. అప్పటికి ఆయన ఎంపీ కూడా అయిపోయారు.