రొబస్టో అంటే స్ట్రాంగ్ అని కాదు, మదూరో అంటే ఘాటని కాదు

మీరు అడిగింది ఇదీ: ఆఫీసులో పెద్దాయన రిటైర్ అవుతున్నారు, ఆయనకు సిగార్లంటే ఇష్టం, పెట్టె కొనే పని మీ నెత్తిన పడింది. తీరా చూస్తే రొబస్టో, మదూరో, రింగ్ గేజ్, లాంగ్ ఫిల్లర్ అంటూ ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. నేను గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్ట్ షాపులో సిగార్ కౌంటర్ చూసుకుంటాను. నాకు పొగ అలవాటు లేదు. కానీ పొద్దస్తమానం ఈ మాటలతోనే పని కాబట్టి చెబుతున్నాను.

ముందు ఒక్కటి పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఈ పదాలన్నీ ఒకే సంగతి గురించి కావు. కొన్ని సైజు చెబుతాయి, కొన్ని పైఆకు రంగు, కొన్ని ఆకు పుట్టిన చోటు, కొన్ని చుట్టిన పద్ధతి. ఘాటు ఎంతో చెప్పే మాటలు చాలా తక్కువ. కొత్తవాళ్లు మాత్రం ప్రతి పేరులోనూ ఘాటునే వెతుకుతారు. “రొబస్టో వద్దండీ, మా మావయ్యకు బీపీ, కాస్త లైట్‌గా ఉండేది ఇవ్వండి” అనేవాళ్లు మా కౌంటర్‌కు తరచూ వస్తుంటారు. రొబస్టో అనేది వట్టి సైజు పేరు. సుమారు 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్ లావు. ఆ సైజులో మెత్తగా ఉండేదీ దొరుకుతుంది, తల తిప్పేసేదీ దొరుకుతుంది.

రింగ్ గేజ్ అంటే లావు లెక్క. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే సిగార్ అడ్డకొలత అందులో ఎన్ని భాగాలు అని. 32 అంటే అర అంగుళం, 48 అంటే ముప్పావు, 50 అంటే దాదాపు 20 మిల్లీమీటర్లు. కరోనా అంటే సుమారు 5.5 అంగుళాల పొడవు, 42 లావు (2020 తర్వాత ఈ పేరు చెబితే కస్టమర్లు ఒకసారి నా మొహం వైపు చూస్తున్నారు, ఏం చేస్తాం). చర్చిల్ 7 అంగుళాలు, 47. పేరు బ్రిటన్ ప్రధానిదే. లాన్సెరో సన్నగా పొడుగ్గా ఉంటుంది, 7.5 అంగుళాలు, 38. టోరో 6 అంగుళాలు, 50 పైమాట. ఇలాంటి ఒక్కో సైజునూ విటోలా అంటారు. బ్రాండును బట్టి కొలతలు కాస్త అటూ ఇటూ అవుతాయి. నిటారుగా కడ్డీలా ఉంటే పరేహో, కొన సన్నబడినా మధ్యలో ఉబ్బినా ఫిగురాడో. టార్పెడో, పెర్ఫెక్టో రెండోదాంట్లోకే వస్తాయి. ఆకారాల గురించి ఇంతకుమించి మీకు అక్కర్లేదు.

రంగు దగ్గరే అసలు తికమక. సిగార్‌లో మూడు పొరలు. లోపల దట్టించే ఆకు ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచేది బైండర్, పైన కనబడే అందమైన ఆకు రాపర్. క్లారో, కొలరాడో, మదూరో, ఒస్కూరో అనేవి ఈ పైఆకు రంగులు. లేత గోధుమ నుంచి ఎర్రమట్టి రంగు, ముదురు గోధుమ, చివరికి నలుపు దాకా. కాండెలా అని పచ్చటిది కూడా ఉంది, ఆకును వేడితో త్వరగా ఆరబెట్టి ఆ పచ్చదనం నిలబెడతారు. మదూరో నల్లగా ఉంటుంది కాబట్టి చచ్చేంత ఘాటు అనుకుంటారు. కానీ ఆ నలుపు ఎక్కువకాలం మగ్గబెట్టడం వల్ల వచ్చేది. చాలా మదూరోలు కాఫీ, చాక్లెట్ వాసనతో తియ్యటి వైపే ఉంటాయి.

మరి ఘాటు ఎక్కడ ఉంటుంది? లోపలి ఆకులో. మాది ప్రకాశం జిల్లా, ఇంట్లో పొగాకు సాగు ఉండేది కాబట్టి ఇది నాకు తేలిగ్గా ఎక్కింది. మొక్కకు అడుగున ఉన్న ఆకు వేరు, తలకట్టు దగ్గరి ఆకు వేరు. పైన ఎండ తగిలే ఆకు దళసరిగా, జిగురుగా ఉంటుంది. క్యూబాలోనూ అంతే. అడుగు ఆకు వొలాడో, బాగా కాలుతుంది, రుచి తక్కువ. మధ్య ఆకు సెకో, వాసన దానిదే. మొక్క తలకట్టు దగ్గరి ఆకు లిహెరో, నికోటిన్ అందులోనే ఎక్కువ, నెమ్మదిగా కాలుతుంది కాబట్టి చుట్టేటప్పుడు నడిమధ్యలో పెడతారు. లిహెరో ఎంత పడితే సిగార్ అంత స్ట్రాంగ్. అలాగని మన బ్యారన్ పొగాకుతో సిగార్ రాదు. మనది మంట వేడితో పసుపు తేల్చే సిగరెట్ ఆకు. సిగార్ ఆకును గాలి ఆడే కొట్టాల్లో వారాల తరబడి వేలాడదీసి గోధుమరంగుకు వచ్చాక పెద్ద కుప్పలు పోస్తారు. కుప్ప లోపల దానంతట అదే వేడి పుడుతుంది, అమోనియా వాసన బయటికి పోతుంది. వేడి మితిమీరకుండా కుప్పను విప్పి తిరగేసి మళ్లీ పోస్తారు.

స్ట్రెంత్, బాడీ అని రెండు మాటలు పక్కపక్కనే కనబడతాయి. స్ట్రెంత్ అంటే నికోటిన్ దెబ్బ, తలకూ కడుపుకూ తెలుస్తుంది. బాడీ అంటే నోట్లో రుచి చిక్కదనం, నీళ్ల మజ్జిగకూ మీగడ పెరుగుకూ ఉన్న తేడా లాంటిది. ఫుల్ బాడీ, మీడియం స్ట్రెంత్ అని రాసి ఉంటే అది అచ్చుతప్పు కాదు.

ఊరి పేర్లతో కాస్త జాగ్రత్త. కనెక్టికట్ అని ఉంటే అమెరికాలో ఆ రాష్ట్రంలోనే పండిందని అనుకోకండి. ఆ రకం విత్తనాన్ని ఈక్వడార్‌లో కూడా వేస్తారు. అక్కడ ఎప్పుడూ మబ్బు పట్టి ఉండటంతో, కనెక్టికట్‌లో గుడ్డ పందిళ్లు వేసి తెప్పించే నీడ ఊరికే దొరుకుతుంది. హబానో కూడా ఇంతే. క్యూబా పెట్టె మీద హబానోస్ అంటే క్యూబా సరుకు, నికరాగువా సిగార్ మీద హబానో రాపర్ అంటే ఆ జాతి విత్తనం. పూరో అంటే లోపలిదీ బయటిదీ అంతా ఒకే దేశపు ఆకు. ఇక కొహీబా, మాంటెక్రిస్టో, రోమియో ఇ హులియెటా లాంటి పేర్లు రెండేసి ఉన్నాయి, క్యూబాది ఒకటి, డొమినికన్ రిపబ్లిక్‌ది ఒకటి. కంపెనీలు వేరు, ఆకు వేరు, రుచి వేరు. 1962లో అమెరికా క్యూబా సరుకును నిషేధించింది, అక్కడి షాపుల్లో కనబడేవి క్యూబావి కావు. అమెరికా నుంచి ఎవరితోనైనా తెప్పించుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి.

చుట్టిన పద్ధతి తెలియాలంటే సిగార్ వెలిగించే కొస వైపు చూడండి. ఆ కొసను ఫుట్ అంటారు, నోట్లో పెట్టుకునేది హెడ్. లాంగ్ ఫిల్లర్ అయితే మడతలు మడతలుగా నిండు ఆకులు కనబడతాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఆకు. షార్ట్ ఫిల్లర్ అంటే తరుగు ముక్కలు, ట్రేలో అటూ ఇటూ దొర్లిస్తే పొడి రాలుతుంది. బహుమతికి లాంగ్ ఫిల్లరే తీసుకోండి. క్యూబా పెట్టె అడుగున “తొతాల్మెంతె అ మానో” అని కాల్చిన ముద్ర ఉంటే పూర్తిగా చేత్తో చుట్టినది. దాని పక్కనే నెల, సంవత్సరం కొడతారు. గాజు మూతలోంచి సిగార్లు కనబడుతున్న “క్యూబా” పెట్టె ఎవరైనా చవకగా ఇస్తామంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, క్యూబావాళ్లు అలాంటి పెట్టెలు చేయరు.

ఆయనకు ఏ ఘాటు అలవాటో తెలియదు కాబట్టి, నేనైతే మీడియం స్ట్రెంత్, లాంగ్ ఫిల్లర్, రొబస్టో సైజు ఇస్తాను. గంటలోపు అయిపోతుంది. ఆయన దగ్గర హ్యుమిడార్ ఉందా అని ముందే కనుక్కోండి. 65 నుంచి 70 శాతం తేమ నిలిపే చెక్కపెట్టె అది. లేకపోతే హైదరాబాద్ వేసవిలో ఏసీ గదిలో సిగార్లు వడియాల్లా ఎండి పైఆకు పగిలిపోతుంది. అప్పుడు పెద్ద పెట్టె వద్దు, ఐదింటి ప్యాక్ చాలు.

పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ఏమీ కాదని సిగార్‌వాళ్లు అంటుంటారు. నమ్మకండి. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ ప్యాకెట్టంత పొగాకు ఉండొచ్చు, నోటి క్యాన్సర్‌కు ఊపిరితిత్తుల దాకా పోవాల్సిన పని లేదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ల అంగిళ్లను చూసిన డాక్టర్లను అడిగితే చెబుతారు. మీకు అలవాటు లేకపోతే, పార్టీలో ఆయనకు తోడుగా అని కూడా వెలిగించకండి.

ఎవరైనా విదేశం నుంచి తెస్తుంటే ఇంకొక్క మాట. ఇండియాకు డ్యూటీ లేకుండా తెచ్చుకోనిచ్చేది మనిషికి 25 సిగార్లు, అదీ 100 సిగరెట్లకు బదులుగా. 25 ఉన్న పెట్టె తెస్తే కోటా అక్కడితో సరి, పక్కన సిగరెట్లు కూడా పెట్టుకుంటే వాటికి డ్యూటీ కట్టాల్సిందే.