టెక్ సందేహాలు: గైడ్ లేకుండా ఎఫెసస్ చూడాలంటే ఫోన్‌లో ఏం ఉండాలి?

ప్రశ్న: జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాను. నేనూ నా ఫ్రెండూ బ్యాక్‌ప్యాక్‌లు తగిలించుకుని టర్కీలో ఎఫెసస్, ప్రియేనే, దిదిమా శిథిలాలు చూడాలనుకుంటున్నాం. టూర్ ప్యాకేజీకి డబ్బుల్లేవు. రోమింగ్ చార్జీలు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. నెట్ లేకపోయినా గూగుల్ మ్యాప్స్ ఒక్కటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేనప్పుడు గూగుల్ మ్యాప్స్ కారు దారి మాత్రమే చూపిస్తుంది. నడక దారులు, బస్సు వివరాలు రావు. మీకు కావలసినవి అవే కదా! ఆర్గానిక్ మ్యాప్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, పశ్చిమ టర్కీ మ్యాప్ దించుకోండి. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పనిచేస్తుంది. వలంటీర్లు ఓపిగ్గా గీసిన మ్యాప్ కాబట్టి శిథిలాల మధ్య కాలిబాటలు కూడా కనిపిస్తాయి. మీరెక్కడున్నారో చెప్పే జీపీఎస్‌కి నెట్‌తో పని లేదు.

సెల్చుక్ ఊళ్లో దిగండి. ఇజ్మీర్‌లోని బస్మనే స్టేషన్ నుంచి వచ్చే రైలు ఎయిర్‌పోర్టు మీదుగా అక్కడికి వెళ్తుంది. ఊరి నుంచి ఎఫెసస్ కింది గేటు 3 కిలోమీటర్లు, హాయిగా నడిచి వెళ్లొచ్చు. ప్రియేనేకి సోకే మీదుగా గ్యుల్లుబహ్చే వెళ్లాలి. దిదిమాకీ సోకే నుంచే బండ్లుంటాయి. ఇవన్నీ దోల్ముష్‌లు, అంటే మన షేర్ ఆటోల్లాగా జనం నిండితే కదిలే చిన్న వ్యాన్లు. వీటి టైమింగ్స్ యాప్‌లో వెతకడం వృథా, బస్టాండులో అడగడమే దారి. అందుకే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో టర్కిష్‌ను ఆఫ్‌లైన్‌లో దించి పెట్టుకోండి. చేతిలో చిల్లర లీరాలు ఉంచుకోండి.

నెట్ మాటకొస్తే, అదనపు చార్జీ లేకుండా రోమింగ్ ఇవ్వాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన మీ జర్మన్ సిమ్‌కి టర్కీలో వర్తించదు. ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకునే సిమ్) తీసుకోండి, కానీ జర్మనీలో ఉండగానే కొని ఇన్‌స్టాల్ చేసుకోండి. 2025 జులైలో టర్కీ పలు ఈసిమ్ కంపెనీల వెబ్‌సైట్లను బ్లాక్ చేసింది. అక్కడ దిగాక కొందాంలే అనుకుంటే ఎయిర్‌పోర్టులోనే ఇరుక్కుపోతారు. గదుల సంగతీ అంతే. 2017లో వచ్చిన కోర్టు ఉత్తర్వు వల్ల, టర్కీలో ఉన్నవాళ్లు ఆ దేశపు గదుల్ని బుకింగ్ డాట్ కామ్‌లో బుక్ చేయలేరు. హాస్టళ్లు కూడా బయల్దేరే ముందే ఖాయం చేసుకోండి.

ప్రశ్న: రోజంతా తిరగాలంటే ఎంత పవర్ బ్యాంక్ కావాలి? 20,000 ఎంఏహెచ్‌ది విమానంలో ఆపేస్తారా?

జవాబు: ఆపరు. 20 ఆంపియర్ అవర్‌ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్. 100 దాటనంతవరకూ ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. కాకపోతే చెక్‌ఇన్ లగేజీలో వేయకూడదు, మీతోపాటే ఉండాలి. నన్నడిగితే మోసుకు తిరిగేవాళ్లకి 10,000 చాలు. అసలు ఇబ్బంది ఎండతో. ఎఫెసస్ పాలరాతి వీధుల్లో నీడ దొరకదు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని ఆపిల్ చెబుతోంది, జులై, ఆగస్టుల్లో అక్కడి ఎండ అది దాటేస్తుంది. ఎండలో నడుస్తూ చార్జింగ్ పెట్టకండి, ఫోన్ మరీ వేడెక్కుతుంది.

ప్రశ్న: గుంటూరు జిల్లాలో రిటైరైన టీచర్ని. నాగార్జునసాగర్ దగ్గర అనుపులో మెట్ల రంగస్థలం చూసినప్పటి నుంచి గ్రీకు, రోమన్ రంగస్థలాలు చూడాలని కోరిక. అక్కడి రాళ్ల మీద రాతల్ని ఫోన్ కెమెరాతో చదివించుకోవచ్చా?

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్న చదివి ఎంతో సంతోషమేసింది. ట్రాన్స్‌లేట్ యాప్‌ని మాత్రం నమ్ముకోకండి. దానికి వచ్చింది నేటి గ్రీకు. రాళ్ల మీద ఉన్నది ప్రాచీన గ్రీకు, అదీ మాటల మధ్య ఖాళీ లేకుండా. లాటిన్ అయితే సగం పొడి అక్షరాలే.

ఎఫెసస్‌లో సెల్సస్ గ్రంథాలయానికి ఎదురుగా నిలబడితే కుడిపక్కన మూడు కమానుల ద్వారం ఉంటుంది. మజేయస్, మిథ్రిదాతీస్ అనే ఇద్దరు దాన్ని కట్టించారు. ఒకప్పుడు బానిసలు, తర్వాత స్వేచ్ఛ పొందినవాళ్లు. పైన లాటిన్ శాసనం ‘ఇంప్’తో మొదలవుతుంది, అది ఇంపెరాటోర్‌కి, అంటే చక్రవర్తి అనే మాటకి, పొడి రూపం. కాస్త ముందుకెళ్తే ‘దీవీ ఎఫ్’. ఆ ఎఫ్ అంటే ఫీలియస్, కొడుకు. దేవుడైనవాడి కొడుకు అని అర్థం. జూలియస్ సీజర్‌ని చనిపోయాక దేవుడిగా ప్రకటించారు, ఈ శాసనంలోని చక్రవర్తి అగస్టస్ ఆయన దత్తపుత్రుడు. ఆ అగస్టస్ పేరులో మనం ‘యు’ రాసే చోటల్లా ‘వి’ చెక్కి ఉంటుంది. యాప్ తికమకపడేది ఇలాంటి చోట్లే. ఓ పది పొడి అక్షరాలు కాగితం మీద రాసుకెళ్లండి, మీరే చదివేస్తారు.

మిగతావాటికి ఫొటో తీసుకుని, రాత్రి గదిలో వెతకండి. లాటిన్‌కి క్లౌస్-స్లాబీ డేటాబేస్, గ్రీకుకి ప్యాకర్డ్ హ్యుమానిటీస్ ఇన్‌స్టిట్యూట్ వారి శాసనాల సైటు ఉన్నాయి. రెండూ ఉచితం. చదవగలిగిన నాలుగైదు అక్షరాలు కొట్టి చూడండి.

ఫొటో తీసేటప్పుడు మాత్రం ఎదురుగా ఫ్లాష్ వేయకండి, అరిగిన అక్షరాలు మాయమైపోతాయి. అందుబాటు ఎత్తులో ఉన్న రాయయితే, తోడున్నవారి ఫోన్ టార్చిని ఓ పక్క నుంచి రాతికి దాదాపు ఆనించినట్టు పట్టుకోమనండి. ప్రతి గీతలోనూ నీడ పడుతుంది. ఎత్తులో ఉన్న శాసనాలకి ఆ పని ఉదయపు ఏటవాలు ఎండ చేసిపెడుతుంది, గేటు తెరవగానే లోపలికి వెళ్లండి.