కిట్‌లో స్టేషన్లూ లేవు, పవరూ లేదు: ముందుగా అనుమానించవలసింది ట్రాన్సిస్టర్లను కాదు

గుంటూరు బ్రాడీపేట నుంచి మీరు అడిగిన ప్రశ్న నేను స్వయంగా పడ్డ కష్టమే కాబట్టి కొంచెం వివరంగా జవాబు రాస్తున్నాను. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు పనిచేసే 3 వాట్ల సీడబ్ల్యూ, అంటే మోర్స్ సంకేతాలు పంపి వినే, అమెచ్యూర్ రేడియో కిట్‌ను నెల రోజుల పాటు సాయంత్రాలు కూర్చుని కట్టారు. హెడ్‌ఫోన్‌లో సన్నటి హోరు తప్ప ఒక్క స్టేషనూ వినిపించడం లేదు. కీ నొక్కితే మీటరు 0.1 వాట్ దగ్గరే ఆగిపోతున్నది. ఫైనల్‌లోని, అంటే చివరగా పవరు పెంచే దశలోని, మూడు బీఎస్170 మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లను ఇప్పటికే ఒకసారి మార్చారు, ఇక ఐసీలు కూడా పీకి కొత్తవి వేయాలా అని అడుగుతున్నారు. దయచేసి వేయకండి. ఇంకొక్క కాంపోనెంటును కూడా కొలవకుండా బోర్డు మీది నుంచి తీయకండి.

మీరు రెండు లోపాలుగా రాసినవి నా అభిప్రాయంలో రెండు కావు, ఒకటే. రిసీవర్, ట్రాన్స్‌మిటర్ ఒకేసారి విడివిడిగా చెడిపోవడం అరుదు. రెండూ మూగబోయాయంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే ఏదో అడ్డుపడిందని ముందు అనుకోవాలి. మీ కిట్ లాంటి వాటిలో ఆ ఉమ్మడి దారి యాంటెన్నా సాకెట్టు, దాని వెనుక మూడు కాయిళ్లు, నాలుగు కెపాసిటర్లతో ఉండే లో పాస్ ఫిల్టరు, అంటే తక్కువ ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి ఎక్కువ వాటిని ఆపే వడపోత. వచ్చే సిగ్నలూ పోయే సిగ్నలూ ఆ ఒక్క ఇరుకు సందులోంచే నడుస్తాయి. దీన్ని నిర్ధారించుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. రిసీవ్‌లో ఉంచి యాంటెన్నా తీగను సాకెట్టు నుంచి ఊడదీసి మళ్లీ పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న రిసీవర్‌లో యాంటెన్నా పెట్టగానే హోరు స్పష్టంగా పెరగాలి. పెట్టినా తీసినా హోరు ఒకే తీరుగా ఉంటే, మీరు వింటున్నది ఆకాశంలోని శబ్దం కాదు, మీ ఆడియో ఆంప్లిఫయరు సొంత శబ్దం.

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో కొన్నేళ్ల క్రితం ఇలాంటి కిట్టే కట్టినప్పుడు నాకు 3 వాట్లకు బదులు 0.8 వాట్ వచ్చింది, స్టేషన్లు వినిపించాయి గాని ఎక్కడో బావి అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు వినిపించాయి. నేనూ మీలాగే మాస్‌ఫెట్లనే అనుమానించి, గవర్నరుపేటకు మూడుసార్లు వెళ్లి తొమ్మిది బీఎస్170లు తెచ్చి మూడు విడతలుగా మార్చాను. మూడోసారి పీకేటప్పుడు బోర్డు మీది రాగి ప్యాడ్ ఒకటి లేచి వచ్చేసింది. అప్పుడు ఐరన్ పక్కన పెట్టి, భూతద్దం తీసుకుని, విడిభాగాల పట్టికను పక్కన పెట్టుకుని ప్రతి కెపాసిటర్ మీది అంకెలను చదవడం మొదలుపెట్టాను. ఫిల్టరు రెండు చివరలా 271 అని, అంటే 270 పికోఫారడ్‌లని, మధ్యలో 681 అని, అంటే 680 పికోఫారడ్‌లని ఉండాలి. నా బోర్డులో అవి తారుమారయ్యాయి. రెండూ ఒకే రంగు, ఒకే పరిమాణం గల పసుపు చుక్కలు, పైన ఉన్న అంకెలు ఆవగింజంత. 680 పికోఫారడ్‌ల కెపాసిటర్ 7 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 33 ఓముల రియాక్టెన్సే, అంటే ఏసీకి అంత అడ్డే, చూపుతుంది కాబట్టి దాన్ని 50 ఓముల సాకెట్టుకు అడ్డంగా తగిలిస్తే పవరు యాంటెన్నాకు చేరే అవకాశమే తక్కువ. నాలుగింటినీ సరైన చోట్లకు మార్చగానే 2.9 వాట్లు వచ్చాయి. ఆ తొమ్మిది మాస్‌ఫెట్లలో ఒక్కటీ చెడిపోయినది కాదు.

మీ విషయంలో పవరు 0.1 వాట్‌కు పడిపోయింది కాబట్టి కెపాసిటర్ల కంటే కాయిళ్ల మీదే నాకు ఎక్కువ అనుమానం. టొరాయిడ్ అనే రింగు మీద చుట్టే ఎనామెల్ తీగకు కంటికి కనిపించని పూత ఉంటుంది. కొన్ని తీగల మీది పూత ఐరన్ వేడికి కరిగిపోతుంది, కొన్నింటి మీద కరగదు. కరగనప్పుడు లెడ్డు ఆ పూత చుట్టూ గూడులా గడ్డకట్టి, పైకి నిగనిగలాడుతూ చక్కటి జాయింటులా కనిపిస్తుంది గాని లోపల రాగికీ లెడ్డుకూ మధ్య ఆ పూత అడ్డంగా నిలిచే ఉంటుంది. సప్లై తీసేసి, మల్టీమీటరును అతి తక్కువ ఓముల రేంజిలో పెట్టి, ఒక మొనను మాస్‌ఫెట్ల నుంచి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ తరువాతి చివర మీద, మరో మొనను యాంటెన్నా సాకెట్టు నడిమి పిన్ను మీద ఉంచండి. మూడు కాయిళ్లూ వరుసగా ఆ దారిలోనే ఉంటాయి కాబట్టి మీటరు ఒక ఓముకు లోపే చూపాలి. తెర ఎడమ చివర ఒంటరిగా 1 అని నిలిచిందంటే మూడింటిలో ఒకటి తెగి ఉన్నట్టే. అప్పుడు ఒక్కొక్క కాయిల్ రెండు కాళ్ల మధ్య కొలిస్తే దోషి ఎవరో అర నిమిషంలో తేలిపోతుంది. దాని కాలును బయటికి తీసి, బ్లేడుతో చుట్టూ గీకి, గులాబీ రంగు రాగి పూర్తిగా కనిపించాక దానికి లెడ్డు పూత పట్టించి, ఆ పూత అన్ని వైపులా వెండిలా మెరుస్తున్నదని చూసుకున్నాకే మళ్లీ రంధ్రంలో పెట్టండి.

ఆ కాయిల్ చేతిలో ఉండగానే చుట్లు కూడా లెక్కపెట్టండి. రింగు లోపలి రంధ్రంలోంచి తీగ ఎన్నిసార్లు దూరిందో అన్ని చుట్లు, బయటి అంచు మీద లెక్కపెడితే ఒకటి తప్పుతుంది. 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్ బ్యాండుకే మరో పేరు) ఫిల్టరులో సాధారణంగా పసుపు రంగు టీ37-6 రింగుల మీద చివరి కాయిళ్లకు 21 చుట్లు, మధ్య కాయిల్‌కు 24 చుట్లు ఉంటాయి. ఆ రింగుకు చుట్ల సంఖ్యను దానితోనే గుణించి, దాన్ని మళ్లీ 3తో గుణిస్తే నానోహెన్రీలు వస్తాయి: 21 చుట్లకు 1323, 20 చుట్లకు 1200. ఒక్క చుట్టు పొరపాటుకు తొమ్మిది శాతం తేడా. ఎర్ర రంగు టీ37-2 అయితే 3కు బదులు 4తో గుణించాలి కాబట్టి ఎరుపును పసుపుగా పొరబడితే తేడా ఇంకా పెద్దది. కాయిల్ అంటే భయపడేవాళ్లకు నేనొక మాట చెబుతుంటాను. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ మన దేశంలో సులువుగా దొరికే సామాన్లతో కట్టుకోవాలని బిట్ఎక్స్ ట్రాన్సీవర్‌ను రూపొందించినప్పుడు, మొదటి డిజైన్‌లో కుళాయిలకు వేసే వాషర్ల మీదే కాయిళ్లు చుట్టించారు. రింగు ఏదైనా సరే, ఆ రింగుకు తగిన లెక్క ప్రకారం చుట్లు పడితే చాలు.

ఈ పరీక్షలన్నీ డమ్మీ లోడు (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టరు) మీదే చేయండి, లైసెన్సు వచ్చినా సరే, సరిచేస్తున్న ట్రాన్స్‌మిటర్‌ను గాలిలోకి వదలకూడదు. 200 ఓముల 2 వాట్ల ఫిల్మ్ రెసిస్టర్లు నాలుగు సమాంతరంగా కలిపితే 50 ఓములు, 8 వాట్లు అవుతుంది. 2 వాట్ల రెసిస్టరు అడిగితే దుకాణంలో తెల్లటి సిమెంటు రెసిస్టరు చేతిలో పెడతారు, అది లోపల తీగ చుట్టినది, రేడియో ఫ్రీక్వెన్సీకి అది రెసిస్టరూ అవుతుంది, కాయిలూ అవుతుంది, పనికిరాదు. ఆ లోడు మీద 1ఎన్4148 డయోడు, 10 నానోఫారడ్ కెపాసిటర్, మల్టీమీటరు కలిపితే పవర్ మీటరు తయారైనట్టే. వచ్చిన వోల్టేజికి డయోడులో పోయే 0.6 కలిపి, దాన్ని దానితోనే గుణించి, 100తో భాగిస్తే వాట్లు. నాకు 16.5 వోల్టులు వచ్చినప్పుడు 17.1ని 17.1తో గుణించి 100తో భాగిస్తే 2.9 వాట్లయింది. మీ 0.1 వాట్ అంటే ఈ మీటరులో 2.5 వోల్టుల దగ్గర కనిపించాలి. అదే డయోడు ప్రోబును మాస్‌ఫెట్ల డ్రెయిన్ (అవుట్‌పుట్ కాలు) దగ్గర తాకించినప్పుడు సప్లై వోల్టేజి కంటే బాగా ఎక్కువ కనిపించి, సాకెట్టు దగ్గర లేకపోతే, అడ్డు మధ్యలోని ఫిల్టరులోనే ఉందని ఇక సందేహం అక్కరలేదు. డ్రెయిన్ దగ్గర కూడా అలా ఎక్కువగా లేకపోతే మాత్రమే వెనక్కి వెళ్లి గేట్లకు (ఇన్‌పుట్ కాళ్లకు) డ్రైవ్ అందుతున్నదా అని చూడాలి. కీని ఒక్కోసారి రెండు సెకన్లకు మించి నొక్కి ఉంచకండి, లోడు సరిగా అందని మాస్‌ఫెట్లు చాలా త్వరగా వేడెక్కుతాయి.

ఫిల్టరు సరైన తరువాత కూడా స్టేషన్లు వినిపించకపోతే వెంటనే నిరుత్సాహపడకండి, ఎందుకంటే స్టేషను వినిపించకపోవడం ఒక్కటే రిసీవరు చెడిందనడానికి రుజువు కాదు. మిట్టమధ్యాహ్నం పై వాతావరణంలోని అయనోస్ఫియర్ డి పొర ఈ బ్యాండు సిగ్నళ్లను పీల్చేస్తుంది, పైగా మన దగ్గర పగటి పూట మోర్స్‌లో మాట్లాడేవాళ్లు తక్కువ. కాబట్టి ఎవరో ఒకరు పిలుస్తారని ఎదురుచూడడం మాని మీ సిగ్నల్‌ను మీరే తయారుచేసుకోండి. పాత పుష్‌బటన్ టెలిఫోన్లలో, డీటీఎంఎఫ్ (నంబరు నొక్కితే వచ్చే టోన్ల) సర్క్యూట్లలో 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. ఒక బీసీ547 ట్రాన్సిస్టర్‌తో దానికి చిన్న ఆసిలేటర్ కట్టి పక్క గదిలో పెడితే, దాని రెండవ హార్మోనిక్, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీ, సరిగ్గా మన 7.000 నుంచి 7.200 బ్యాండులో 7.159 దగ్గర పడుతుంది. ఒకటి రెండు కిలోహెర్ట్జ్ అటూ ఇటూ తిప్పితే ఈల వినిపించాలి. ఆ ఈల వినిపించిన క్షణం నుంచి మీ రిసీవరు బతికి ఉన్నదే, ఇక చూసుకోవలసింది యాంటెన్నా. డాబా మీద డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) అయితే 143ను 7.05తో భాగించండి, మొత్తం 20.3 మీటర్లు, ఒక్కో చేయి 10 మీటర్లకు కొంచెం పైన వస్తుంది.

మన ప్రాంతంలో మరొక చిక్కు కూడా ఉంది. నేను కట్టిన మొట్టమొదటి చిన్న డైరెక్ట్ కన్వర్షన్ (సిగ్నల్‌ను నేరుగా ఆడియోగా మార్చే) కిట్‌లో నాబు ఎక్కడ తిప్పినా ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తలే వచ్చేవి. 837 కిలోహెర్ట్జ్ దగ్గర అంత బలమైన మీడియం వేవ్ సిగ్నల్ ఊళ్లోనే ఉంటే, ముందు సరైన ఫిల్టరు లేని మిక్సరు దాన్ని డయోడులా డిటెక్ట్ చేసేస్తుంది. లో పాస్ ఫిల్టరు దీన్ని ఆపలేదు, దానికి కిందివైపు అంతా తెరిచిన గుమ్మమే. 1.6 మెగాహెర్ట్జ్‌కు పైన, 7కు బాగా కింద కోత పడే హై పాస్ ఫిల్టరు యాంటెన్నా దగ్గర పెట్టాకే నాకు ఆ బాధ తప్పింది. మీకు గుంటూరులో ఎక్కడ తిప్పినా ఒకే స్టేషను వినిపిస్తే కారణం ఇదేనని గుర్తుపట్టండి.

జాయింట్ల గురించి ఇంకొక మాట. మన ఊళ్లలో మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుని టంకం పెట్టని వాళ్లు ఎవరున్నారు? కాని ఆ గాలికి 25 వాట్ల ఐరన్ మొన చల్లబడుతుంది, లెడ్డు సరిగా పారకముందే గడ్డకడుతుంది, మెకానిక్‌లు డ్రై సోల్డర్ అనేది అలాగే పుడుతుంది. నేను ఇప్పుడు తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపుకుని, ఒక విడతకు పది పదిహేను జాయింట్లకు మించకుండా పెడుతున్నాను. కాంపోనెంట్లు మనం అనుకునేంత సుకుమారమైనవి కావని నాకు 2024 సెప్టెంబరులో బాగా తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా తమ్ముడింట్లో కింది అరలో ఉన్న నా కిట్ ఒకటి రోజుల తరబడి బురద నీటిలో నానింది. మంచినీళ్లతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పళ్ల బ్రష్ పెట్టి రుద్ది, రెండు రోజులు ఆరబెట్టాక, ట్రిమ్మర్ కెపాసిటరూ రెండు బటన్లూ మారిస్తే పనిచేసింది. ఐసీలు, మాస్‌ఫెట్లు అన్నీ పాతవే.

సరిచేశాక తిరిగి సప్లై ఇచ్చేటప్పుడు నేరుగా బ్యాటరీకి తగిలించకండి. మోటార్‌సైకిల్ ఇండికేటరుకు వేసే 12 వోల్టుల 10 వాట్ల బల్బును ప్లస్ తీగలో వరుసగా పెట్టండి. ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కరెంటు 0.8 ఆంపియర్ దగ్గరే ఆగిపోతుంది, బోర్డు బతుకుతుంది. బల్బు వెలగకపోతే 7805 వోల్టేజి రెగ్యులేటర్ అవుట్‌పుట్ 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య ఉందని చూసుకుని, అప్పుడు బల్బు తీసేయండి. పరీక్షలకు 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ వాడండి, చవక అడాప్టర్ల నుంచి వచ్చే బుర్రుమనే శబ్దం మిమ్మల్ని మళ్లీ తప్పుదారి పట్టిస్తుంది.

ఈ రాత్రికి యాంటెన్నా ఊడదీసే పరీక్ష, మూడు కాయిళ్ల ఓముల కొలత, నాలుగు కెపాసిటర్ల మీది అంకెలు చూడండి. ఆ మూడూ సరిగా ఉండి కూడా పవరు రాకపోతే, డ్రెయిన్ దగ్గర ప్రోబు చూపిన వోల్టేజి, కీ నొక్కినప్పుడు బ్యాటరీ నుంచి తీసుకునే కరెంటు ఎంతో ఇక్కడే రాయండి, అక్కడి నుంచి గేట్ డ్రైవ్ వైపు కలిసి వెతుకుదాం.